మరుపు గోడ

తాళంకప్పను కనిపెట్టుకుని ఉండమని చెప్పి ఫోర్‌మన్ పెద్దాయన వెళ్ళిపోయాడు. బాగుంది సంబరం. రేవులో ఉద్యోగం, వీపు మీద మెకానికల్ అప్రెంటిస్ అని అచ్చు వేసిన కొత్త చొక్కా, నెత్తిన పసుప్పచ్చ హెల్మెట్, తీరా మొదటి రోజు చేయిస్తున్న పని ఏమిటయ్యా అంటే తాళంకప్పకు కాపలా. ఎవడెత్తుకుపోతాడు దాన్ని? ఇంట్లో అమ్మా అన్నా పిలిచిన పిలుపు ‘చిన్నది’ అని, అన్న పోయాక కూడా ఆ పిలుపు మారలేదు, పెద్దవాడు లేని ఇంట్లో చిన్నది ఎలా అవుతుందో ఎవరూ అడగలేదు. ఆ చిన్నది ఇప్పుడు క్రేన్ కాలి దగ్గర నిలబడి ఉంది. ఎదురుగా బీరువా అంత ఇనప్పెట్టె, దాని తలుపు మీద మెయిన్ స్విచ్. స్విచ్ కిందికి దించి ఉంది, మళ్ళీ ఎవరూ పైకి లేపకుండా గొళ్ళెం వేసి ఉంది, గొళ్ళేనికి తాళంకప్ప. దాని మీద తెల్ల పెయింటుతో ‘గ్రీజు’ అని రాసి ఉంది. అంటే గ్రీజు బాబాయిది. అంటే ఆయన పైన, మెడ వంచి చూసినా కనపడనంత ఎత్తున, మెషీన్ గదిలో, ఇనుప తాళ్ళు చుట్టుకునే డ్రమ్ము లోపలికి సగం ఒళ్ళు దూర్చి, మోచేతుల దాకా జిడ్డు చేసుకుంటూ ఉండి ఉండాలి. లేదంటే పని ముగించుకుని, తాళం తీయడం మరిచిపోయి, తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి పోయి ముసుగుతన్ని పడుకుని ఉండాలి. రెంటిలో ఒకటి. ఆయన షిఫ్టు ఎప్పుడో అయిపోయింది, ఫోను మోగుతోంది గానీ ఎత్తడు, ఓడేమో వచ్చి ఆనుకుని నిలబడింది, దాని మీద కంటైనర్లు మేడ మీద మేడగా ఉన్నాయి, ఒక్కటీ కదలడం లేదు.

కదలకూడదు. స్విచ్ పెట్టె మీదే రాసి ఉంది, ఎర్ర అక్షరాలతో, ఎండకు వెలిసిపోయి. తాళం ఎవరు వేస్తే వాళ్ళే తీయాలి. మనిషి దొరక్కపోతే ఫోర్‌మన్ తానే పైకెక్కి, కళ్ళారా చూసి, ఎవరూ లేరని తేల్చుకున్నాకే తాళం కొయ్యాలి. పొద్దున్నుంచి చిన్నది దాన్ని ఎన్నిసార్లు చదివిందో. ‘కళ్ళారా’ అన్న మాట దగ్గర పెయింటు పెచ్చు లేచి ‘కళ్ళా’ దాకానే మిగిలింది. గాలి ఉప్పుగా ఉంది, పెదాల మీద నాలుక పెడితే తెలుస్తోంది, బూట్లలో వేళ్ళ దగ్గర గుడ్డపీలికలు ఉండచుట్టుకుపోయి నొక్కుకుంటున్నాయి. అన్న బూట్లు. అమ్మే పొద్దున్న ముందు వైపు గుడ్డలు కుక్కి, గుమ్మంలో పెట్టి, "కొత్తవి కొనడమెందుకు, ఇవి రాయిలా ఉన్నాయి, వాడు అరగదీసేంత కాలం ఎక్కడ బతికాడు" అంది. చిన్నది కాలు పెట్టింది. లోపల అన్న మడమ ఆనిన గుంట ఇంకా ఉంది, దానిలో ఆమె మడమ ఎక్కడికో జారిపోయింది. అమ్మ చూస్తూనే ఉంది. "సరిపోయాయా?" అని అడగలేదు. "తాళం పెట్టుకో. వాడిలా మరిచిపోకు" అంది. దీవెన అనుకోవాలి కాబోలు. ఆ తల్లి నోట్లోంచి ఈమధ్య అంతకంటే మెత్తటి మాట రాలేదు.

మెత్తటి మాటలు అన్న కోసం ఉండేవి. అన్నీ తిట్లే, కానీ తిట్టే గొంతులో ముద్దు కారిపోయేది. "ఏరా పరధ్యానం, చొక్కా తిరగేసుకున్నావు చూసుకో." "ఏరా పరధ్యానం, పొయ్యి మీద గిన్నె నువ్వే పెట్టావు, మాడు వాసన కూడా నేనే చూడాలా?" అన్న మరుపు గురించి చెప్పాలంటే పొద్దు చాలదు. ఒకసారి బజారుకు సైకిల్ మీద వెళ్ళి నడుచుకుంటూ వచ్చాడు, అమ్మ తిట్టి పంపితే ఎవరిదో వేరే సైకిల్ తెచ్చాడు, అది తీసుకెళ్ళి ఇచ్చి రారా బాబూ అంటే దారిలో స్నేహితుడు కనపడ్డాడని కబుర్లలో పడి ఇద్దరూ దాన్నెక్కి సినిమాకు పోయారు. చెల్లెలిని బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళి, బడి ముందు నిలబడి, తను ఎందుకు వచ్చాడో మరిచిపోయి ఒక్కడే తిరిగి వచ్చాడు. చిన్నది చీకటి పడేదాకా బడి గేటు దగ్గర కూర్చుంది. ఏడవలేదు. వస్తాడని తెలుసు. వచ్చాడు, పరిగెత్తుకుంటూ, రొప్పుతూ, మొహమంతా చెమట, "అమ్మకు చెప్పకే, నీకేం కావాలన్నా కొనిపెడతాను" అన్నాడు. ఏం కొనిపెట్టాడు? కొనిపెట్టడం మరిచిపోయాడు. చిన్నదానికి నవ్వొచ్చింది, తాళంకప్ప ముందు నిలబడి, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకునేలా. నవ్వు సగంలో ఆగింది. మెళ్ళో దారం గుచ్చుకుంటోంది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి పొద్దున్న ఇక్కడ కొత్త తాళంకప్పతో పాటు ఇచ్చినది, తళతళలాడుతోంది. రెండోది అన్నది.

అన్న అన్నీ మరిచిపోయేవాడు గానీ తాళం మరిచిపోడు. ఆ సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తన తాళంకప్ప ఇంటికి తెచ్చుకున్నాడు, మంచం మీద కూర్చుని కాళ్ళూపుకుంటూ దాన్ని వేస్తున్నాడు, తీస్తున్నాడు. టక్కు, టక్కు. "ఏంటన్నయ్యా ఆ గోల?" అంటే, "చేతికి అలవాటు చేస్తున్నానే. బుర్రకు చెప్తే నిలబడదు, చేతికి చెప్తే నిలబడుతుంది" అన్నాడు. అందరి తాళంకప్పలూ ఒకేలా ఉన్నాయి, నాది నాకే గుర్తు దొరకడం లేదు అని బెంగపడితే చిన్నదే తన గోళ్ళరంగు సీసా తెచ్చి అడుగున ఒక ఎర్ర చుక్క పెట్టింది. చెయ్యి వణికి ఇంకో చుక్క పక్కన పడి జారింది. తుడవబోతే వద్దన్నాడు. "ఉండనియ్యవే, రెండు చుక్కలుంటే నాదే, ఒకటుంటే దొంగది." ఆ రోజు నుంచి తాళంచెవి దారంతో మెళ్ళోనే. స్నానానికి కూడా తీసేవాడు కాదు. అమ్మ రోజూ మధ్యాహ్నం ఫోను చేసి అదే ప్రశ్న, "తాళం పెట్టావుట్రా?" అన్న రోజూ అదే జవాబు, "పెట్టానమ్మా." అమ్మ నమ్మేది కాదు. పక్కింటావిడతో అనేది, వీడు నా నోరు మూయించడానికి చెప్తాడు, వీడి సంగతి నాకు తెలీదూ, అని.

ఆ నమ్మకపోవడమే కొంప ముంచింది. అన్న పోయిన రోజు, కాదు, మర్నాడు, కాదు, ఏ రోజో ఏమిటో, ఇంటి నిండా మనుషులు, ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు ఇస్త్రీ చొక్కాలవాళ్ళు గోడకు ఆనించిన కుర్చీల్లో ఒద్దిగ్గా కూర్చున్నారు. డ్రమ్ములో తల పెట్టి పనిచేస్తుంటే క్రేన్ కదిలిందన్నారు. తాళం పెట్టలేదన్నారు. తాళంకప్ప అతని పనిముట్ల పెట్టెలోనే దొరికింది తల్లీ, పెట్టి ఉంటే ఇవాళ మన మధ్య ఉండేవాడు, అన్నారు. తాళంచెవీ చేతిగడియారమూ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి అమ్మ ఒళ్ళో పెట్టారు. అందులో ఒకాయన అడిగాడు, అబ్బాయికి మరుపు ఎక్కువటగా అని, పరామర్శలాగే అడిగాడు. అమ్మ భోరుమంది. "వాడికి పుట్టినప్పట్నుంచీ పరధ్యానమే బాబూ! సైకిలు మరిచిపోయాడు, చెల్లెల్నే మరిచిపోయాడు, నేను రోజూ చెవిలో పోరాను బాబూ, తాళం పెట్టుకోరా, తాళం పెట్టుకోరా అని!" ఆయన తలాడిస్తూ రాసుకున్నాడు. ఏడుపు రాసుకున్నాడో, ఏడుపులోంచి తనకు కావలసింది ఏరుకుని రాసుకున్నాడో. వాడి తప్పే, కానీ కుటుంబం మీద జాలితో చెల్లెలికి అప్రెంటిస్ ఇస్తున్నాం అని కబురు పంపారు. అమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది. తర్వాత, అందరూ వెళ్ళాక, దీపం కూడా వెయ్యని గదిలో, గోడతో చెప్పినట్టు చెప్పింది, "పోయేదేదో నువ్వు పోయినా బాగుండేది." చిన్నది గిన్నెలు కడుగుతోంది. కడుగుతూనే ఉంది. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. ఆ మాటకు కోపం రాలేదు, అదే విచిత్రం. నిజమే అనిపించింది. అమ్మకు సాయంత్రం ఎదురుచూడ్డానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి తను కాదు.

పెద్దాయన కూడా వచ్చాడు ఆ రోజుల్లోనే. ఫోర్‌మన్ అని అప్పుడు తెలీదు, తెల్లటి మీసాలు, మోకాళ్ళ నొప్పులు, కూర్చోవడానికీ లేవడానికీ బల్ల పట్టుకునే మనిషి. తలుపు దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. "నా చేతుల్లో పెరిగినవాడమ్మా. కింద నుంచి గొంతు చించుకుని అరిచాను, ఒరేయ్ పరధ్యానం, ఒరేయ్ అని. పలకలేదు." అమ్మ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. చిన్నదీ ఏడ్చింది. ఆ మాట అప్పుడు పూలదండలా అన్న మీద వేసినట్టే వినపడింది. ఇవాళ పొద్దున్న దాకా అలాగే వినపడింది. ఎంత మొద్దు బుర్ర, ఎంత మొద్దు బుర్ర! పైన మనిషి ఉన్నాడని తెలియకపోతే కింద నుంచి ఎందుకు అరుస్తారు? తాళం వేలాడుతూ కనపడకపోతే, మనిషి పైన ఉన్నాడన్న అనుమానం ఎందుకొస్తుంది?

పొద్దున్న వర్క్‌షాప్‌లో అడుగుపెట్టగానే పెద్దాయన ఆమెను ఒక గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. కొత్తవాళ్ళకు ముందు చూపించేది అదేనట. గోడ నిండా మేకులు, మేకు మేకుకీ ఒక తెగిన తాళంకప్ప, ప్రతిదాని మీదా తెల్ల పెయింటుతో ఎవరిదో ఒక ముద్దుపేరు. ‘కుంభకర్ణుడు’. ‘కొత్త పెళ్ళికొడుకు’. ‘రేపు చూద్దాం’. ‘గ్రీజు’ మూడు చోట్ల ఉంది. "ఇది మన మరుపు గోడమ్మా. తాళం తీయకుండా ఇంటికి చెక్కేసే మహానుభావులంతా ఇక్కడే కొలువుంటారు. తాళం కోసి ఇక్కడ తగిలిస్తాం, మర్నాడు ఆ మహానుభావుడు అందరికీ టీ పోయిస్తాడు" అన్నాడు పెద్దాయన. పక్కన వెల్డర్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. చిన్నదీ నవ్వింది, నవ్వాలి కనుక. నవ్వుతూ పై నుంచి కిందికి చూస్తూ వచ్చింది. కింద వరసలో, మూలన, పేరు గీకేసిన తాళంకప్ప ఒకటి. అడుగున ఎర్ర చుక్క. పక్కన జారిన ఇంకో చుక్క.

ఫోను మోగితే పెద్దాయన లోపలికి వెళ్ళాడు, వెల్డర్ నిప్పురవ్వల్లో తల దూర్చాడు. ఆ కాస్త సందులో చిన్నది మెళ్ళో దారం లాగి అన్న తాళంచెవి అందులో పెట్టింది. తిరగకపోతే బాగుండు అనుకుంది, ఒట్టు, తిరగకపోతే గోళ్ళరంగు ఎంతమందికి ఉండదు, పిచ్చిదాన్ని నేను, అనుకుని పనిలో పడిపోదామనుకుంది. తిరిగింది. నూనె పెట్టినట్టు మెత్తగా తిరిగింది. తెగిన కడ్డీ పైకి లేచింది. మళ్ళీ నొక్కేసి, తాళంచెవి చొక్కా లోపల వేసుకుని, పెద్దాయన పిలిస్తే "వస్తున్నా సార్" అంది. అంత మామూలుగా ఎలా అందో ఇప్పటికీ తెలీదు. ఆయన వెనకే నడుచుకుంటూ ఈ క్రేన్ దగ్గరికి వచ్చింది, ఆయన కాపలా ఉండమంటే ఉంది.

ఉండి ఏం చేస్తోంది? తాళంకప్పను చూస్తూ జరిగినదంతా ఒక్కొక్కటే పేర్చుకుంటోంది. అన్న తాళం పెట్టాడు. చేతికి అలవాటైన పని, టక్కుమని పెట్టి, తాళంచెవి మెళ్ళో వేసుకుని పైకెక్కాడు. షిఫ్టు దాటింది. ఓడ తొందరపెట్టింది. పెద్దాయన తాళం చూశాడు, పరధ్యానంగాడేగా, మరిచిపోయి పోయుంటాడులే అనుకున్నాడు, మోకాళ్ళు గుర్తొచ్చాయి, మెట్లు గుర్తొచ్చాయి, కింద నుంచి అరిచాడు. పైన మెషీన్ గదికి తలుపుంది, గాలి ఉంది, చెవులకు మూతలున్నాయి. పలకలేదు. కోశాడు. కోసిన తాళంకప్పను వెల్డర్ పట్టుకెళ్ళి, రేపు పరధ్యానం చేత టీ తాగాల్సిందేరా అని నవ్వుతూ గోడకు తగిలించాడు. అప్పటికి అన్న బతికే ఉన్నాడు. చిన్నది అక్కడే ఆగిపోతోంది, ప్రతిసారీ అక్కడే. తాళం గోడ మీద వేలాడుతోంది, కింద నవ్వుతున్నారు, పైన అన్న డ్రమ్ములో తల పెట్టి బహుశా ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు, పని మధ్యలో ఏదో మరిచిపోయి ఏమిటబ్బా అది అని గుర్తు చేసుకుంటూ ఉన్నాడు. ఆ తర్వాత ఎవరో స్విచ్ లేపారు.

ఒళ్ళు మండిపోయింది. అరవాలనుంది. ఎవరి మీద? ఓడ మీద పనివాడెవడో బద్ధకంగా కింద నీళ్ళలోకి ఉమ్మేశాడు, క్రేన్ పైన పక్షి ఒకటి వాలి లేచింది, దూరంగా లారీల వరస, డ్రైవర్లు హారన్లు కొడుతున్నారు. చిన్నది మెడ వెనక్కి వాల్చి "బాబాయ్!" అని పిలిచింది. గాలి ఆ పిలుపును నోటి దగ్గరే తుంచేసింది. మళ్ళీ పిలిచింది, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుని. ఏమీ లేదు. ఇంతే కదా ఆయనా అరిచింది. అప్పుడు ఆమె మనసులో ఒక పందెం కట్టుకుంది, చిన్నప్పుడు బడి గేటు దగ్గర కట్టుకున్నట్టు, ఈ వచ్చే మనిషి తర్వాత వచ్చేది అన్నయ్యే అని. పెద్దాయన వచ్చి, మోకాళ్ళు పట్టుకుని అయినా సరే, ఈ మెట్లన్నీ ఎక్కి చూసి వస్తే, క్షమించేస్తుంది. ఒక్కసారి చేసిన పాపం, జన్మంతా ఏడుస్తున్నాడు అనుకుంటుంది, ఆ రెండు చుక్కల సంగతి తనతోనే పోతుంది. ఎక్కకపోతే మాత్రం నోరు విప్పుతుంది. అందరి ముందూ విప్పుతుంది. ఉద్యోగం పోతే పోనీ, అమ్మ తిడితే తిట్టనీ, అన్న మరిచిపోలేదు అన్న ఒక్క మాట ఈ రేవంతా వినాలి.

వచ్చాడు. ఒక్కడే కాదు, పక్కన వెల్డర్, వెల్డర్ భుజం మీద పొడవాటి పిడుల కట్టర్. పెద్దాయన చేతిలో వాకీటాకీ గొణుగుతోంది, అటునుంచి కంట్రోల్ గదిలోని క్రేన్ డ్రైవర్ అడుగుతున్నాడు, ఇంకెంత సేపని.

"పొద్దున్నే గేటు దాటడం చూశారట ముసలాడ్ని. ఇంట్లో గురకపెడుతుంటాడు" అన్నాడు పెద్దాయన. తల పైకెత్తి, గొంతు చించుకుని, "ఏయ్ గ్రీజూ! గ్రీజూ!" అని అరిచాడు. ఒక చెవి పైకి పెట్టి విన్నాడు కూడా. "పలకడం లేదుగా" అన్నాడు.

"ఎవరు చూశారట సార్?"

"ఎవరో."

"పైకెక్కి చూడాలిగా సార్. ఇక్కడ రాసుంది."

వెల్డర్ ఆమెను వింతగా చూశాడు. పెద్దాయన నవ్వాడు, మంచి నవ్వే, తాతలు మనవరాళ్ళను చూసి నవ్వే నవ్వు. "లిఫ్టు పాడయిందమ్మా. ఈ కాళ్ళతో ఆ మెట్లన్నీ నేనెక్కి దిగేసరికి ఓడ ముసలిదైపోతుంది."

"నేనెక్కుతాను సార్. రెండు అంగల్లో చూసొస్తా."

"నువ్వా? నడుముకు బెల్టు కట్టుకోవడం కూడా నేర్పలేదింకా. నీకేదన్నా అయితే మీ అమ్మకు నా మొహం చూపించగలనా? ఒక కడుపుకోత చాలదా ఆవిడకి?" అని, వెల్డర్ వైపు తిరిగి, "పట్టు" అన్నాడు.

ఒక కడుపుకోత చాలదా! ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో. పందెం కట్టుకున్న మాటలకు బదులు చిన్నదాని చెయ్యి కదిలింది. చేతికి చెప్తే నిలబడుతుంది. కొత్త తాళంకప్ప జేబులోంచి తీసి, గొళ్ళేనికున్న రెండో రంధ్రంలో దూర్చి టక్కుమని వేసేసింది. దాని మీద ఇంకా పేరు కూడా రాయలేదు. గ్రీజు బాబాయి తాళం పక్కన ఆమె తాళం వేలాడింది. తాళం ఎవరు వేస్తే వాళ్ళే తీయాలి. తను ఇక్కడే ఉంది, ఇంటికి పోలేదు, ఎదురుగా నిలబడి ఉంది, ఇప్పుడేం చేస్తారు?

పెద్దాయన ఆమె వంక చూశాడు. కోపం రాలేదు ఆయనకు. వచ్చినా బాగుండేది. "భలే పిల్లే" అన్నాడు వెల్డర్‌తో, "రోషం చూశావా?" వెల్డర్ ఫక్కుమన్నాడు. ఆమెను భుజం పట్టుకుని పక్కకు జరిపాడు, దారిలో ఉన్న కుర్చీని జరిపినంత తేలిగ్గా. కట్టర్ నోట్లో గ్రీజు బాబాయి తాళం పెట్టి పిడులు దగ్గరికి నొక్కాడు. టక్కు. ఆమె తాళం పెట్టాడు. టక్కు. కొత్తది కదా, ఇంకాస్త గట్టిగా నొక్కాల్సి వచ్చింది, అంతే తేడా. పెద్దాయన స్విచ్ పైకి లేపి, వాకీటాకీలో "కానీ" అన్నాడు. పైన ఎక్కడో మోటారు మూలిగింది. ఇనుప తాళ్ళు బిగుసుకున్నాయి. చిన్నది కళ్ళు మూసుకుంది, తెరిచింది, మూసుకుంటే వినపడేది ఇంకా ఎక్కువ వినపడుతోంది. అరుపు కోసం వింది. ఆ ఎత్తున అరిస్తే కిందికి వినపడదని తెలిసీ వింది. క్రేన్ చెయ్యి ఓడ మీదికి వాలింది, ఒక కంటైనర్‌ను గాల్లోకి లేపింది. తాడు తిరుగుతోంది, డ్రమ్ము తిరుగుతోంది, అందులో తల ఉంటే, జుట్టు ఉంటే, కూనిరాగం ఉంటే.

"ఎవడ్రా నా తాళం కోసింది?"

వెనక నుంచి. గ్రీజు బాబాయి, కళ్ళు నులుముకుంటూ, ఒక చెంప మీద బెంచీ చెక్క అచ్చులు పడి, స్టోర్ రూము వెనక నుంచి వస్తున్నాడు. కాస్త నడుం వాలుద్దామనుకుంటే నిద్ర పట్టేసిందట. వెల్డర్ పగలబడి నవ్వాడు. లారీ డ్రైవర్లు నవ్వారు. పెద్దాయన ఆమె వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు. ఆ మూడక్షరాల్లో ఎగతాళి కూడా లేదు, నేర్పుతున్నాడు అంతే, మొదటి పాఠం. ఏమీ కాలేదు. ఎప్పుడూ ఏమీ కాదు. ఎన్నో ఏళ్ళుగా కోస్తున్నాడు, ఎక్కకుండానే కోస్తున్నాడు, ప్రతిసారీ తాళం వేసినవాడు ఎక్కడో నిద్రపోతూనే ఉంటాడు, ఒక్కసారి తప్ప. బాబాయి బతికి ఉన్నందుకు ఆమె ప్రాణం కుదుటపడాలి. పడలేదు. ఆయన పైన ఉండి ఉంటే ఇప్పుడు అందరూ నమ్మేవాళ్ళు కదా అన్న ఆలోచన వచ్చింది, ఎక్కడి నుంచో, పిలవకుండా. ఆ ఆలోచన తనదేనని తెలిసి చిన్నదానికి తన మీద తనకే అసహ్యం పుట్టింది.

వర్క్‌షాప్‌లో అప్పటికే కబురు పాకింది. తెగిన తాళాలు రెండూ వెల్డర్ వేళ్ళకు తొడుక్కుని ఆడిస్తూ తెచ్చాడు. "మొదటి రోజే గోడెక్కిందిరోయ్! మన పరధ్యానం చెల్లెలు!" అని అరిచాడు. "రక్తం ఎక్కడికి పోతుంది" అన్నారెవరో. "టీ ఎప్పుడమ్మా?" అన్నారింకెవరో. మరిచిపోలేదు, కావాలనే వేశాను, అని ఆమె అంది. నిజంగానే అంది, వినపడేలాగే అంది. అదీ ఒక జోకే అనుకుని ఇంకా నవ్వారు. పెద్దాయన సుత్తీ మేకూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు, కింద వరసలో మూల చోటు చూపించాడు. రెండు ఎర్ర చుక్కల పక్కనే.

వంగి, మేకు గోడకు ఆనించి, ఆయన ఒక్కడికే వినపడేలా అంది. "ఇది మా అన్నయ్యది సార్."

"తెలుసమ్మా."

సుత్తి గాల్లోనే ఆగింది. పెద్దాయన గోడ వంకే చూస్తూ, వాతావరణం సంగతి మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు. "ఈ వెల్డర్ నవ్వుతూ తగిలించేశాడు. అప్పటికి మాకూ తెలీదు. తర్వాత తీద్దామంటే మేకు ఖాళీగా కనపడుతుంది, ఎవరిదేమైందని అడుగుతారు. పేరు గీకేసి ఊరుకున్నాం."

"మరి పెట్టెలో దొరికిందన్నారు."

"అన్నాం." ఆమె హెల్మెట్ మీద చెయ్యి వేసి, నెమ్మదిగా తట్టాడు. "లేకపోతే చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లకి ఊరికే ఎందుకిస్తారమ్మా ఈ ఉద్యోగం? మీ అమ్మ మొహం చూసుకో. కొట్టు, చెయ్యి జాగ్రత్త."

జాలి కాదన్నమాట. వెల. పందెం గుర్తొచ్చింది, అందరి ముందూ నోరు విప్పుతానన్నది. అందరూ అక్కడే ఉన్నారు, టీ గ్లాసుల కోసం చేతులు కడుక్కుంటున్నారు. విప్పితే? ఇదిగో తాళం, ఇదిగో తాళంచెవి, ఈయనే కోశాడు అంటే? వాళ్ళు నోళ్ళు వెళ్ళబెడతారా, నవ్వుతారా, లేక వాళ్ళకూ ముందే తెలుసా? తెలుసు. వెల్డర్ ఇప్పుడు నవ్వడం లేదు, తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. అందరికీ తెలుసు. తెలియనిది ఇద్దరు ఆడవాళ్ళకే. సాయంత్రం అమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది, మొదటి రోజు జీతం ఇవ్వరని తెలిసీ. చిన్నది కొట్టింది. మేకు వంకరపోయింది. పీకి, సరిచేసి, మళ్ళీ కొట్టింది, దిగింది. తన తాళం తగిలించింది. పక్కన అన్నది. ఎవరో పెయింటు డబ్బా తెచ్చి ఆమె తాళం మీద ‘పరధ్యానం’ అని రాయబోయి, ఆగి, తర్వాత ‘చిన్న పరధ్యానం’ అని రాశారు. బాగుందన్నారు అందరూ.

అప్పుడు మోగింది ఫోను. అమ్మ. ఆ వేళకే, అన్నకు చేసే వేళకే. చిన్నది గోడ వైపు తిరిగి నిలబడి ఎత్తింది. ఒక చెవిలో టీ గ్లాసుల చప్పుడు, ఇంకో చెవిలో అమ్మ ఊపిరి. తిన్నావా అని అడుగుతుందేమో అనిపించింది, ఒక్క క్షణం, ఎందుకో.

"తాళం పెట్టావా?"

రెండు తాళంచెవులూ మెళ్ళో ఒకదానికొకటి తగులుతున్నాయి. రెంటికీ ఇప్పుడు తాళం లేదు. చెప్పేయాలనుకుంది, వాడు మరిచిపోలేదమ్మా, నీ కొడుకు మరిచిపోలేదు, అని. పెద్దాయన టీ ఊదుకుంటూ ఇటే చూస్తున్నాడు.

"పెట్టానమ్మా" అంది.

అమ్మ, నమ్మకం లేని ఆ పాత గొంతుతో, "మీ అన్నా రోజూ ఇదే చెప్పేవాడు" అని ఫోను పెట్టేసింది.